డాబా మీద నాన్నగారు

1980 దశకంలో పర్సుడీహ్‌లోని మా ఇంట సాయంకాలం దూరదర్శన్ చిహ్నంతోనే ఆరంభమయ్యేది. దేవాశీష్ భట్టాచార్య రూపకల్పన చేయగా 1976లో తెరకెక్కిన చిహ్నమది. పండిట్ రవిశంకర్ కూర్చిన బాణీకి రెండు వంపులు తిరుగుతూ వచ్చి, గోళం చుట్టూ కన్నుగా కుదురుకొనేవి.

బొమ్మ చెదిరితే నాన్నగారు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పేవారు.

“వచ్చిందిరా?”

“వచ్చింది నాన్నగారూ!”

ఆయన దిగివచ్చేసరికి చిహ్నం ముగిసేది.

తరువాత రంగులు వచ్చాయి, కంప్యూటర్ చిత్రణ వచ్చింది. 2024లో డీడీ న్యూస్ చిహ్నం కాషాయవర్ణం దాల్చింది. ఆ పాత చిహ్నాన్ని ఈనాడు ఫోనులో ఎన్నిసార్లయినా చూడవచ్చు. ఇంజనీరునైన నాకు అందులో అబ్బురమేమీ లేదు. చూచిన ప్రతిసారీ బాధ మాత్రం ఒక్కటే. మా కోసం ఆ కన్నును కుదిర్చిన నాన్నగారు, దానిని ఒక్కనాడైనా మొదటినుండి చూడలేదు.