నలుగురిలో పుస్తకము

పుస్తకమనునది ఏకాంతమున, తలుపు చేరవేసికొని, పెదవి కదలకుండ చదువవలసిన వస్తువనుకొనుట మనకు ఇటీవల అబ్బిన అలవాటు. అచ్చుప్రతులు ఇంటింటికిని చేరక పూర్వము, రామాలయపు అరుగుమీద ఒకరు భారతము చదువుచుండగా, మరియొకరు అర్థము చెప్పుచుండగా, ఊరివారు కర్ణుని పక్షమున కొందరును అర్జునుని పక్షమున కొందరునై వాదులాడుకొని, ఆ వాదమును మరునాడు పొలముగట్లమీద సయితము సాగించుచుండిన దేశము మనది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును స్థాపించిన తరమువారికి ఈ సంగతి తెలియును. కనుకనే వారు గ్రంథాలయముతోపాటు సభను, ఉపన్యాసమును కూడ పోషించిరి.

అయినను సభ వేరు, గోష్ఠి వేరు. సభకు అధ్యక్షుడుండవలెను, ఆయన తొలిపలుకులు ప్రధానోపన్యాసముకన్న దీర్ఘముగా నుండవలెను, దండలును వందన సమర్పణయును ముగియుసరికి ఏ గ్రంథమును గూర్చి కూడితిమో ఎవ్వరికిని జ్ఞప్తి యుండనక్కరలేదు. మా వీధి చివర, ఉద్యోగ విరమణ చేసిన తాలూకా కచేరీ గుమాస్తాగారి వసారాలో నెలకొక ఆదివారము సాయంకాలము జరుగు గోష్ఠికి ఈ పీడలేవియు లేవని వినియే నేనందు చేరితిని. "ఒక్కరే కూర్చుని చదివి ఏం చేస్తారండీ? ఆదివారం మా వైపు రండి. మాట్లాడకపోయినా ఫరవాలేదు, వింటూ కూర్చోండి" అని ఆయన పిలిచిన పిలుపులో, శ్రోతకును ఒక స్థానము కలదను హామీయే నన్ను ఎక్కువగా ఆకర్షించినది. తెనాలి సాహితీసమితిలో శివశంకరశాస్త్రిగారి చుట్టును చేరినవారు కవులు, కథకులు. ఇచ్చట వ్రాయువాడొక్కడును లేడు. చందా లేదు. మరమరాలు, వేయించిన వేరుశనగపప్పు, కాఫీ వంతులవారీగా వచ్చును. ప్రతి యొక్కటే దొరికినప్పుడు అది ఇల్లిల్లు తిరుగును. ఒక ఇంట పెట్టిన బస్సు టిక్కెట్టు, మరియొక ఇంట పెట్టిన అగరువత్తి పుల్ల పుటల నడుమ నిలిచి, ఎవరెంతవరకు చదివి ఆగిరో ఆదివారమునకు ముందే చాడీ చెప్పుచుండును.

నేను చేరిన తరువాత మొదట చేపట్టినది 'కన్యాశుల్కము'. 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో అచ్చుపడి, 1909లో ఆనవాలు పట్టలేనంతగా పెరిగి మరల వెలువడిన ఆ నాటకమును గూర్చి చెప్పదగినదంతయు విమర్శకులు చెప్పివేసిరని నా నమ్మకము. ఉపాధ్యాయులొకరు సంఘసంస్కరణమును, వకీలు గుమాస్తా ఒకరు దొంగసాక్ష్యములను ప్రస్తావించిరి. అంతవరకు గోడకు చేరగిలబడి కాఫీ గ్లాసులను కనిపెట్టుచున్నట్లుండిన ఒక పెద్దావిడ, బంగారుపని చేయువారింట పుట్టి, బజారులో ఎవరి సొమ్ము ఎప్పుడు తాకట్టునకు పోయి ఎప్పుడు తిరిగి వచ్చెనో ఎరిగిన మనిషి, "మీరంతా కంటె సంగతి వదిలేశారు" అనెను. మధురవాణి కంటె మాయపెండ్లికూతురి మెడకు చేరుటయు, పిమ్మట దానికై ఆమె రామప్పపంతులును ముప్పుతిప్పలు పెట్టుటయు మా అందరికిని వేశ్యావిలాసముగను, నాటకపు హాస్యముగను మాత్రమే తోచియుండెను. "అది సరసం కాదు బాబూ. సొమ్ము పరాయి మెడలోకి వెళ్లిందంటే ఆడదానికి నిద్ర పట్టదు. మొగుడా, కొడుకా, పొలమా ఆవిడకి? నవ్వుతూనే అడుగుతుంది గానీ, ఎక్కడైనా బాకీ మరిచిపోయిందేమో చూపించండి" అని ఆమె సవాలు చేయగా, గుమాస్తాగారు కండ్లజోడు సవరించుకొని ఆ ఘట్టములను ఎలుగెత్తి చదువనారంభించిరి. చదివినకొలది ఆయన గొంతులో పరిహాసము తగ్గి, లెక్క ఒప్పజెప్పించుకొనువాని ఖచ్చితత్వము ప్రవేశించినది. మధురవాణి బుద్ధిచాతుర్యమును కొనియాడిన విమర్శలను నేను పెక్కు చదివితిని. ఆ చాతుర్యము ఏ భయమునుండి పుట్టినదో ఆ సాయంకాలమునకు ముందు నాకు తట్టలేదు. గ్రంథములో ఒక్కొక్క భాగము ఒక్కొక్కరి అనుభవమునకు మాత్రమే తెరచుకొనును. పండితుడెంతవాడైనను అన్ని గదుల తాళపుచెవులు ఆయన మొలలో నుండవు.

'వేయిపడగలు' వంతు వచ్చినప్పుడు సాహసమే చేసితిమి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు ఆ నవలకును అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'నకును బహుమానమును పంచి యిచ్చిరి గదా, ఆ తీర్పును పునర్విచారణకు తీసికొంటిమి. విశ్వనాథ సత్యనారాయణగారు 29 దినములలో చెప్పి వ్రాయించిరని ప్రసిద్ధి కెక్కిన ఆ మహాగ్రంథమును, వేసవి యంతయు గడచినను మాలో సగముమంది ముగింపలేకపోయిరి. ముగింపనివారివలన గోష్ఠికి హానియని మొదట అనుకొంటిని గాని, వారివలననే అది రక్తి కట్టినది. "తరవాత ఏమయింది?" అని వారు నిలదీయగా, ముగించినవారు కథ చెప్పక తప్పినది కాదు. ఒకరు చెప్పిన కథలో ధర్మారావు జీవితమే సర్వస్వము. మరియొకరి కథలో సుబ్బన్నపేటయే నాయకుడు, మనుష్యులందరును దాని శిథిలతకు సాక్షులు. మూడవవారి నోట గిరిక తప్ప మరియెవ్వరును మిగులలేదు. ఒక్క ప్రతినే చదివిన మువ్వురు మూడు నవలలు చెప్పిరి! బహుమాన విషయమున తీర్పు ఏమాత్రమును తేలలేదు. బాపిరాజుగారి పక్షమువారు మరమరాలు అయిపోయిన తరువాత కూడ లేవలేదు.

ఇట్టి గోష్ఠులకు ఆపద వెలినుండి రాదు. సంచిలో స్వీయకావ్యముతో ప్రవేశించి, పరుల గ్రంథమును పొగడుచునే సంచి త్రాడు విప్పుచుండు అతిథివలన ఒకమారును, పీఠికలను కంఠస్థము చేసికొని వచ్చి ఎవరేమన్నను "అది ఫలానావారు ఎప్పుడో చెప్పేశారండీ" అని నోరు మూయించు విద్వాంసునివలన మరియొకమారును మా వసారా మూగవోయినది. వారిని రావలదనుట మర్యాద కాదు. గుమాస్తాగారు కనిపెట్టిన ఉపాయమేమనగా, ఎవరు మాటాడినను ముందుగా పుస్తకమునుండి తమకు నచ్చిన ఒక పుట బిగ్గరగా చదువవలెను. గ్రంథకర్త నోరు తెరచిన పిమ్మట మన నోళ్లు కొంత వినయము నేర్చును. కావ్యకర్త మరల రాలేదు. విద్వాంసుడు వచ్చుచున్నాడు, చదువుటలో ఆయన కంఠము మధురమైనదని తెలిసి, ఇప్పుడాయనకే పుటలు ఎక్కువగా అప్పగించుచున్నాము.

వచ్చు నెలకు ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' నిశ్చయమైనది. ఆయన రాయవెల్లూరు చెరసాలలో దానిని వ్రాసిన విధమును, దొరతనమువారు దానిని నిషేధించిన చరిత్రను వివరింపవలెనని ఉపాధ్యాయులవారు ఉవ్విళ్లూరుచున్నారు. కౌలుకు భూమి చేయు సభ్యుడొకడు మాత్రము, "ఆ జైలు కథ తరవాత చెప్పుకుందాం మాస్టారూ, ముందు కూలి గింజల లెక్క తేలాలి" అని పట్టుబట్టి కూర్చున్నాడు. ఉన్న ఒక్క ప్రతి ప్రస్తుతము నా యొద్ద నున్నది. ఇరువురును రోజు విడిచి రోజు మా గుమ్మమెక్కి, నేనెన్ని పుటలు చదివితినో విచారించి పోవుచున్నారు.