పచ్చ యాపిల్ పులిహోర

అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ యాపిల్ పండించే రాష్ట్రం వాషింగ్టన్. ఆకులు రంగు మారే వేళకు వెనాచీ, యాకిమా లోయల తోటల్లో కోతలు జోరందుకుంటాయి. మా సియాటిల్ వంటింట్లోనూ ఆ రోజుల్లో యాపిల్‌దే రాజ్యం. ఇక్కడివాళ్లు పై చేస్తారు, సాస్ కాస్తారు, సైడర్ తీస్తారు. మనవాళ్లకి మాత్రం పచ్చ యాపిల్ కనబడగానే పచ్చిమామిడి గుర్తొస్తుంది.

ఆ పచ్చ యాపిల్ పేరు గ్రానీ స్మిత్. 1868లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ దగ్గర, మరియా ఆన్ స్మిత్ అనే ఆవిడ తోటలో మొలిచిన రకం. మాలిక్ ఆమ్లం వల్ల దానికంత పులుపు. కండ గట్టిది కాబట్టి ఉడికినా ముక్క చెదరదు. మెకింతోష్ రకం యాపిల్ అయితే పొయ్యెక్కగానే మెత్తబడి గుజ్జవుతుంది, అది సాస్‌కి బాగుంటుంది.

పులిహోరకి పచ్చ యాపిల్‌ని తొక్కతోనే తురుముతాను. గాలి తగిలితే తురుము నల్లబడుతుంది. అందుకే ముందు పోపు వేగనిస్తాను: ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ, పసుపు. అప్పటికప్పుడు తురిమి అందులో వేస్తే రెండు నిమిషాల్లో మగ్గిపోతుంది. మామిడికాయ కంటే దీనికి తీపీ, నీరూ ఎక్కువ. కనుక అన్నం పొడిపొడిగా వండాలి, చివర్లో నిమ్మకాయ పిండాలి.

పోపు మనదైతే చాలు, ఏ నేలమీది కాయైనా మన కంచంలో ఇమిడిపోతుంది. ఈ అక్టోబరులో తోటకి వెళ్తే ఎర్రవాటితోపాటు నాలుగు పచ్చవి కూడా కోసుకురండి.