ర్యాంకు ఇచ్చిన బ్రాంచి, కోరుకున్న ఎమ్మెస్

తెలుగు విద్యార్థుల్లో చాలామందికి బీటెక్ బ్రాంచిని కేటాయించేది ఎంసెట్ ర్యాంకే. ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా సంగతి మారలేదు. పద్దెనిమిదేళ్లకు దొరికిన సీటు సివిలో మెకానికలో అయితే నాలుగేళ్లు అదే చదువు. ఇష్టం తెలిసి కోరుకునే అవకాశం ఎమ్మెస్ దరఖాస్తుతోనే వస్తుంది.

బ్రాంచి మారి పైకొచ్చినవాళ్లలో రాజ్ రెడ్డి ముందువరసలో ఉంటారు. చిత్తూరు జిల్లాలో పుట్టి, మద్రాసు గిండీలో 1958లో సివిల్ ఇంజినీరింగ్ ముగించారు. 1966లో స్టాన్‌ఫోర్డ్ నుంచి కంప్యూటర్ సైన్సులో పీహెచ్‌డీ, 1994లో ట్యూరింగ్ అవార్డు. ఈ కథ చెప్పేవాళ్లు నడుమ ఉన్న మెట్టును దాటవేస్తుంటారు: ఆస్ట్రేలియాలో ఎంటెక్ చేశాక ఆయన అక్కడే ఐబీఎంలో పనిచేశారు. ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ చదివి అడోబీని నడిపించిన శంతను నారాయణ్, మణిపాల్‌లో ఎలక్ట్రికల్ చదివి మైక్రోసాఫ్ట్‌ను నడిపించిన సత్య నాదెళ్ల కూడా అమెరికాలో కంప్యూటర్ సైన్సులోనే ఎమ్మెస్ చేశారు. ఈ ఇద్దరూ మారింది దగ్గరి సబ్జెక్టుకే కాబట్టి, దాటింది గోడ కాదు, గట్టు మాత్రమే.

సివిల్, మెకానికల్ లాంటి బ్రాంచిల నుంచి గోడ దాటేవాళ్లకు అడ్డొచ్చేవి ముందస్తు కోర్సులు. డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథమెటిక్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ చదవని విద్యార్థికి కొన్ని విశ్వవిద్యాలయాలు సీటిచ్చి, వాటిని ముందు పూర్తిచేయమంటాయి. డిగ్రీ స్థాయి కోర్సులు సాధారణంగా ఎమ్మెస్ క్రెడిట్లలో కలవవు. ఫీజు మాత్రం కట్టాల్సిందే, ఒక సెమిస్టరు పెరిగినా పెరుగుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని ఎంసీఐటీ లాంటివి కంప్యూటర్స్ చదవనివాళ్ల కోసమే పెట్టిన కోర్సులు. వాటిని తక్కువగా చూసే అలవాటు మనవాళ్లలో ఉంది, అది అనవసరం.

అమెరికా వీసా లెక్క వేరు. చదువయ్యాక విద్యార్థులకిచ్చే 12 నెలల పని అనుమతి (ఓపీటీ)లో చేసే పని అక్కడ చదివిన సబ్జెక్టుకు సంబంధించినదై ఉండాలి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకు మరో 24 నెలల పొడిగింపు ఉంది. దానికి హైదరాబాదు బీటెక్ పనికిరాదు, అమెరికా డిగ్రీనే చూస్తారు. కాబట్టి ఎంబీఏకు మళ్లే ఇంజినీరు ఆ కోర్సు స్టెమ్ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

అసలు కొత్త సబ్జెక్టు ఒంటబడుతుందా? ఇది హైదరాబాదు మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం తింటూ స్నేహితులతో తేల్చుకునేది కాదు. ఆ మార్కెట్ దాటి ఆబిడ్స్ వైపు నడిస్తే, ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత ఇంజినీరింగ్ పుస్తకాలు పరిచి ఉంటాయి. ఒక డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ పుస్తకం కొని, నెలరోజులు లెక్కలు చేసి చూడాలి. విసుగొస్తే పోయేది ఆ పాత పుస్తకం ధరే. దరఖాస్తు ఫీజులైతే తిరిగిరావు.