తెర మీద దౌడు... లాయంలో నడక!

గుర్రమెక్కని తెలుగు హీరో ఎవరైనా ఉన్నారా చెప్పండి! జానపదాల రోజుల్లో కాంతారావుగారు ఒక చేత కత్తి, ఒక చేత కళ్ళెం పట్టుకుని వస్తుంటే నేల క్లాసు దద్దరిల్లిపోయేదట. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’తో కృష్ణగారు తెలుగు కౌబాయ్‌ని గుర్రమెక్కించారు. 1990లో ‘కొండవీటి దొంగ’ చిరంజీవి, 2009లో ‘మగధీర’ రామ్ చరణ్, 2022లో ‘ఆర్ ఆర్ ఆర్’ వంతెన సీన్‌లో మళ్ళీ ఆయనే... ఈల వేయకుండా ఉండగలిగారా మీరు?

అయితే ఒక్క సంగతి గమనించారో లేదో. హీరోకి దెబ్బ తగిలితే కట్టు కడతారు, హీరోయిన్ కన్నీళ్ళు పెట్టుకుంటుంది, ఓ పాట పూర్తయ్యేసరికి లేచి కూర్చుంటాడు. గుర్రానికి ఆ పాటపాటి వ్యవధి కూడా ఉండదు. రంగు కలిసిన ఇంకో గుర్రాన్ని తెచ్చి నిలబెడితే మనం కనిపెట్టం కూడానూ! మరి పక్కకి తప్పుకున్న ఆ మొదటి గుర్రం ఏమవుతుంది?

ఈ ప్రశ్నకి జవాబు హైదరాబాదు పక్కన, మొయినాబాద్ వైపు ఒక గుర్రాలశాలలో ఎనిమిది నెలలపాటు నా కళ్ళముందే నడిచింది. అవును, నడిచింది. పరిగెత్తలేదు.

అది గోధుమరంగు ఆడ గుర్రం. మలక్‌పేటలో 1886 నుంచీ గుర్రప్పందాలు జరుగుతున్నాయి కదా, అక్కడ నాలుగేళ్ళు పరిగెత్తి, రేసులకి పనికిరాదనిపించుకుని, సవారీ నేర్పే ఈ చోటుకి వచ్చింది. వచ్చిన కొత్తల్లోనే ఓ పొద్దున దౌడు తీస్తూ ముందు కాలు కుంటింది. మోకాలి కింద వెనకవైపు తాడులా ఉంటుందే, ఆ నరం దెబ్బతింది. సైసులు నరమంటారు, డాక్టర్లు స్నాయువంటారు. గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. ఎముక, స్నాయువులు, చర్మం, అంతే. రక్తం పారేది తక్కువ, కాబట్టి మానడం బహు నెమ్మది. పైగా దౌడు తీసేటప్పుడు ఒక్క క్షణం బరువంతా ఒకే ముందు కాలి మీద పడుతుంది. ఆ క్షణంలో గుర్రం బరువుకి రెండింతలకి పైగానే ఆ కాలు మోయాలి.

పశువుల డాక్టరుగారు స్కానింగ్ తీసి, ‘ఏడాది పట్టినా ఆశ్చర్యపోకండి’ అన్నారు. యజమాని మొహం చిన్నబోయింది. సంపాదన లేని గుర్రానికి దాణా ఎన్నాళ్ళని పెడతాడు? అమ్మేద్దామనే మాట కూడా వచ్చింది. అడ్డుపడింది ఒక ముసలి సైసు. అందరూ చాచా అంటారు, నేనూ అంతే.

మొదట దాణా తగ్గించాడు. పని లేని గుర్రానికి ఓట్సూ ఉలవలూ పెడితే ఒళ్ళు కొవ్వెక్కి కట్టు తెంచుకుంటుందట. (మనం లొట్టలేసుకుని తాగే ఉలవచారు వెనక అంత బలముందన్నమాట!) ఎండుగడ్డి మాత్రం ఎప్పుడూ ముందుండాలి. పూటకి ఇరవై నిమిషాలు కాలి మీద చన్నీళ్ళ ధార. ఒంటరిగా నిలబడి నిలబడి విసిగిపోయి తలుపు కొరుకుతుంటే, తోడుకి ఒక మేకని తెచ్చి కట్టాడు. ఆ మేకకీ గుర్రానికీ కుదిరిన స్నేహం మన హీరో, కమెడియన్ల మధ్య కూడా కుదరదు.

తర్వాత నడక. చేత్తో పట్టుకుని పది నిమిషాలు, గట్టి నేల మీద, తిన్నగా. వారం గడిస్తే ఇంకో ఐదు నిమిషాలు. చిన్న మలుపులు వద్దు, మెత్తటి ఇసక వద్దు. రోజూ పొద్దున్నే రెండు ముందు కాళ్ళనీ రెండు అరచేతులతో పట్టి చూసేవాడు. ఒకటి రెండోదానికన్నా ఏ కాస్త వెచ్చగా ఉన్నా ఆ రోజు నడక బంద్! నన్నూ పట్టి చూడమన్నాడు. నెల తిరిగాక గానీ నా చేతికి ఆ తేడా తెలియలేదు.

అసలు గండం నాలుగో నెలలో వచ్చింది, గుర్రం బాగున్నట్టు కనిపించడం మొదలయ్యాక. గుండే ఊపిరితిత్తులూ వారాల్లో దారికొస్తాయి. కండ కొంచెం ఆలస్యంగా వస్తుంది. స్నాయువుకి నెలలు పడుతుంది. అంచేత కాలు ఒప్పుకోకముందే ఒళ్ళు పరిగెడదామంటుంది. మన గుర్రం కుంటడం మానేసింది, చర్మం నిగనిగలాడుతోంది, నేలని గిట్టతో తవ్వుతోంది. సరిగ్గా అప్పుడే ఒక సినిమా కంపెనీ తాలూకు ప్రొడక్షన్ మేనేజరు దిగాడు. ఆయనకి గోధుమరంగు గుర్రమే కావాలి, వచ్చే వారమే కావాలి. చెప్పిన అద్దె రెండు నెలల దాణాకి సరిపోతుంది.

“నాలుగు షాట్లే కదండీ!” అన్నాడు.

యజమాని మాట్లాడలేదు. నాకు గుండె దడదడలాడింది.

“మీకు నాలుగు షాట్లే సాబ్,” అన్నాడు చాచా, బ్రష్ ఆపకుండానే. “నాలుగో షాట్ల కాలు పోతే ఇంకో కాలు మీరు తెస్తరా?”

2001 నాటి నిబంధనల ప్రకారం జంతువుని సినిమాలో వాడాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి, ఒంట్లో బాగుందని డాక్టరు సర్టిఫికెట్టు ఉండాలి. యజమాని చివరికి ఆ సర్టిఫికెట్టు మాట ఎత్తి, “డాక్టరుగారు రాయరండీ” అని మేనేజర్ని పంపేశాడు. సగం భయంతో అన్నాడో, సగం చాచాకి మొహమాటపడి అన్నాడో నాకిప్పటికీ తెలీదు.

ఐదో నెలలో వీపు మీద జీను వేశారు. ఖాళీగా నిలబడి వీపు కండ కరిగిపోయింది కదా, పాత జీను ఒరుసుకుంటుందని కింద మందపాటి ప్యాడ్ పరిచాడు చాచా. మొదట్లో రెండు నిమిషాల చిన్న పరుగు, మళ్ళీ నడక. ఊరుకున్నప్పుడు గుర్రం గుండె నిమిషానికి 30, 40 సార్లే కొట్టుకుంటుంది. పరుగు ఆపిన పది, పదిహేను నిమిషాల్లో అది 60 లోపుకి దిగితేనే మర్నాడు ఇంకో నిమిషం కలిపేవాళ్ళు. మధ్యలో మళ్ళీ స్కానింగు. ఓసారి కాలు కాస్త వాచి, మూడు వారాలు వెనక్కెళ్ళింది వ్యవహారం. చాచా విసుక్కుంటాడేమోనని చూశాను. మళ్ళీ పది నిమిషాల నడక దగ్గర మొదలుపెట్టాడు, అంతే.

ఎనిమిదో నెల ఆఖర్లో ఒక పొద్దున, తేలికపాటి ఒళ్ళున్న ఓ కాలేజీ అమ్మాయిని ఎక్కించి, “ఒక్క చుట్టు వదులు బిడ్డా” అన్నాడు. పగ్గాలు వదులయ్యాయి. జూలు లేచింది. నాలుగు గిట్టలూ ఒకే తాళంలో పడుతుంటే కంచె దగ్గర మేక మే మే మని ఒకటే గోల. మొత్తం రెండు నిమిషాలు కూడా లేదు. దానికి రీ-రికార్డింగ్ లేదు, స్లో మోషన్ లేదు. నేను మాత్రం ఈల వేశాను.

చాచా చప్పట్లు కొట్టలేదు. గుర్రం ఆగగానే వంగి రెండు కాళ్ళూ పట్టి చూశాడు.

“సల్లగున్నది,” అన్నాడు. “రేపు నడకే.”