స్టోన్లీ మహాసౌధమున నేటి కాపురములు

ఇంగ్లండున వారిక్‌షైరు ప్రాంతమున, ఆవన్ నది యొడ్డున, స్టోన్లీ ఆబీ యను మహాసౌధము కలదు. పండ్రెండవ శతాబ్దమున క్రైస్తవ సన్న్యాసుల మఠముగా వెలసిన యీ చోటు 1561లో లీ వంశీయుల వశమయ్యెను. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సిస్ స్మిత్ అను శిల్పి దీని పడమటి భాగమును రాజభవనమువలె నిర్మించెను.

ఈ యింటిని గూర్చి మాకు మిక్కిలి నచ్చిన సాక్ష్యము ఒక గృహిణిది. 1806 ఆగస్టులో నవలారచయిత్రి జేన్ ఆస్టిన్ తన తల్లితో నిచటికి వచ్చెను. ఆ తల్లి లీ వంశమున పుట్టినదే. ఇంట దారి తప్పుచుండుటచే, మలుపు మలుపునను దారిచూపు గుంజలు నాటింపుడని యింటివారితో పరిహాసమాడినట్లు ఆమె తన కోడలికి వ్రాసినది. పెరటిలోని పండ్లను ఇంటిల్లిపాదియు, పిట్టలును తినినను తరుగక చెట్లపైననే కుళ్లుచున్నవనియు వ్రాసినది. ఇల్లు నడపినవారి కన్నులకుగాక యిట్టివి యెవరికి కనబడును?

అంతటి సిరికిని కష్టకాలము తప్పలేదు. ఇంటిని 1946లో ప్రజల దర్శనమునకు తెరచిరి. 1960లో అగ్నిప్రమాదము పడమటి భాగమును చెరచెను. ఆ శతాబ్దమున ఇంగ్లండులో వందలకొలది మహాసౌధములు పన్నులకును, మరమ్మతులకును తాళలేక నేలమట్టమయినవి. వానిని తలచుకొనుటకే 1974లో లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాల యొక ప్రదర్శనము జరిపెను.

స్టోన్లీకి ఆ గతి పట్టలేదు. 1996లో దీనిని ధర్మకర్తల సంస్థ కప్పగించిరి. విరాళములతో మరమ్మతులు సాగినవి. రాణీ విక్టోరియా 1858లో విడిసిన గదులను, ప్రార్థనమందిరమును, మహాశాలను ముక్కలు చేయక చూపరులకై యుంచి, తక్కిన భాగములను పెక్కు కుటుంబములకు వేరువేరు ఇండ్లుగా మార్చిరి.

ఇందలి వివేకమును మేము మెచ్చుకొంటిమి. అన్నదమ్ములు వేరుపడి మండువా నడుమ గోడ పెట్టిన లోగిళ్లను మనము చూడలేదా? వెలుతురు చెడును, గాలి చెడును. చిత్రమైన పైకప్పుగల శాలలో అడ్డుగోడ లేపిన నిదే గతి. స్నానపుగదికి, వంటింటికి గొట్టములు వేయుటయు సులభము కాదు. అందున నిది చట్టరీత్యా మొదటితరగతి రక్షిత కట్టడము, అనుమతిలేక మార్పులు చేయుట నేరము.

మేడపైని గదులు ఇక మనబోంట్లకు చూడ దొరకవు. నష్టమే. కాని రాత్రివేళ దీపము వెలుగు కిటికీ, పగిలిన కిటికీకంటె మేలుగదా! చూడబోవువారు దర్శనదినములను ముందుగా విచారించుకొనవలెను. కాపురమున్నవారి గుమ్మములలోనికి తొంగిచూడరాదు.