లా చదువుతూ హెల్త్ లా ఎందుకు తీసుకుంటున్నానంటే

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను ఐదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీలో మూడో ఏడాది పూర్తి చేశాను. ఎస్టీ హాస్టల్‌లో ఉంటాను. మాది భద్రాచలం అవతల కోయ గూడెం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఈ శుక్రవారం లోపు నాలుగో ఏడాది ఆప్షనల్ పేపర్ల ఫారం ఇవ్వాలి. అందులో నేను హెల్త్ లా అని రాశాను. ఆ రాత్రి రూమ్‌లో పెద్ద గొడవే అయింది. "క్రిమినల్ తీసుకోవే, బెయిల్ పిటిషన్లు వేసుకున్నా బతుకుతావు. హెల్త్ లాకి మన దగ్గర ఫీజు ఎవరిస్తారు?" అని సీనియర్ అక్క తిట్టింది. ఆమె మాటలో అబద్ధమేమీ లేదు.

నాయనకు ఫోన్ చేస్తే "అది డాక్టరు చదువా?" అన్నాడు. కాదు నాయనా, ఆసుపత్రుల మీద, మందుల మీద ఉండే చట్టం అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మరి మన భూమి ఎవరు చూస్తారు?" అన్నాడు. నన్ను లాకి పంపిందే పోడు పట్టా కోసం. ఆయన బాధ ఆయనది.

అసలు విషయానికి వస్తాను. ఇది రాయనా అని ముందు అమ్మను అడిగాను. "రాయి, నా పేరు మాత్రం వద్దు" అంది.

పోయిన సెమిస్టర్‌లో మేడం ఒక సుప్రీంకోర్టు తీర్పు చెప్పారు. సమీరా కోహ్లీ కేసు, 2008 తీర్పు. ఢిల్లీలో 44 ఏళ్ల పెళ్లికాని ఆమె బ్లీడింగ్ ఆగడం లేదని 1995లో డాక్టర్ దగ్గరికి వెళ్లింది. లోపల ఏముందో చూడటానికి మత్తు ఇచ్చారు. ఆమె మత్తులో ఉండగానే, బయట కూర్చున్న వాళ్ల అమ్మను అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అప్పటికప్పుడు ప్రాణం మీదికి వచ్చింది కాదు కాబట్టి, తెలివిలోకి వచ్చాక ఆమెనే అడగాల్సింది, తల్లి ఒప్పుకోలు చెల్లదు అని కోర్టు చెప్పింది. ఏ వైద్యం చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు, వేరే దారి ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ పేషెంటుకు అర్థమయ్యేలా చెప్పాలని కూడా రాసింది. పరిహారం 25,000 రూపాయలు. అంతేనా అని క్లాసులో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మకు కడుపునొప్పి వచ్చింది. ముందు మా ఊరి ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లారు. (లా పుస్తకంలో ఆర్ఎంపీ అంటే రిజిస్టర్ అయిన అసలు డాక్టర్. మన ఊళ్లో ఎవరినంటారో మీకు తెలుసు. మొదటి నెల ఈ ఒక్క మాటతో నేను పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు.) ఆయన పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపాడు. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది. కణితి తీశారని ఇంట్లో అందరం అనుకున్నాం. అమ్మకు అప్పుడు 33 ఏళ్లు.

ఆ క్లాసు అయ్యాక సెలవుల్లో ఇంటికి వెళ్లి, ట్రంకుపెట్టెలోంచి డిశ్చార్జి కాగితం తీశాను. ఇంగ్లీషులో "టోటల్ అబ్డామినల్ హిస్టరెక్టమీ" అని ఉంది. తొమ్మిదో తరగతిలో కూడా ఆ కాగితం చూశాను. అప్పుడు ఆ మాట చదవడమే రాలేదు.

అమ్మకు కోయలో చెప్పాను. పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. "ముట్టు ఆగిపోతే వయసు అనుకున్నానే" అంది. ఇంకేమీ అనలేదు. నాయన సంతకం పెట్టాడు, అమ్మ వేలిముద్ర వేసింది. ఆ కాగితంలో ఏముందో ఇద్దరికీ ఎవరూ చదివి చెప్పలేదు. "క్యాన్సర్ వస్తుందన్నారు, తీసేస్తామన్నారు. ఏది తీస్తారని అడగాలని నాకేం తెలుసు" అన్నాడు నాయన. ఆ ఆపరేషన్ నిజంగా అవసరమే అయి ఉండొచ్చు. అది తేలాలంటే రికార్డు కావాలి.

ఆ ఆసుపత్రికి వెళ్లాం, అమ్మా నేనూ. మెడికల్ కౌన్సిల్ 2002 రెగ్యులేషన్స్ ప్రకారం పేషెంటు అడిగితే 72 గంటల్లో రికార్డు కాపీ ఇవ్వాలి. ఆ మాట జిరాక్స్ తీసి పట్టుకెళ్లాను. కౌంటర్లో అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. మూడేళ్లు దాటినవి ఉండవు అన్నాడు. అదే రెగ్యులేషన్స్‌లో రికార్డు దాచాల్సింది మూడేళ్లే అని నాకూ తెలుసు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలంటే రెండేళ్ల గడువు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే తీసుకోవచ్చు గానీ, రికార్డు లేకుండా ఏం చూపిస్తాం? బస్సులో అమ్మ నా భుజం మీద పడుకుని నిద్రపోయింది. నాకు నిద్ర పట్టలేదు.

ఇంకోటి. అవే రెగ్యులేషన్స్‌లో ఆపరేషన్‌కు ముందు రాతపూర్వక అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పేచోట భర్త లేదా భార్య అని ముందు ఉంటుంది. మైనరైతే తల్లిదండ్రులు. "పేషెంటు" అనే మాట చివర్న వస్తుంది. చదివినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది.

మన ప్రాంతానికే సంబంధించిన కేసు కూడా ఈ సబ్జెక్టులో ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు కూడా, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. చాలామంది హాస్టల్ పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఏడుగురు పిల్లలు చనిపోయారని పెద్ద గొడవైంది. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. టీకా చెడ్డదని నేను చెప్పడం లేదు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అది పనికొస్తుంది. నా గొడవ కాగితాల గురించి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదికలో ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో 9,543 ఫారాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టారు, 1,948 మీద వేలిముద్రలు. అమ్మానాన్నలు ఊళ్లో ఉన్నారు, సంతకం వార్డెన్ చేశారు. ఇంటర్ దాకా హాస్టల్‌లో పెరిగిన నాకు ఆ లెక్క దగ్గర చేయి ఆగిపోయింది. నా ఫారాల మీద కూడా ఎన్నిసార్లు ఎవరెవరు సంతకం పెట్టారో. అప్పటి పన్నెండేళ్ల పిల్లలు ఇప్పుడు ఈ గ్రూపులోనే అక్కలై ఉంటారు.

లా చదివే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొచ్చే ముక్క కూడా చెప్తాను. మన ఎల్ఎల్‌బీ పట్టా మీద హెల్త్ లా అని వేరే ముద్ర పడదు. అమెరికాలో కొన్ని లా స్కూళ్లు డిగ్రీతో పాటే హెల్త్ లా సర్టిఫికెట్ ఇస్తాయి, మన దగ్గర ఆ పద్ధతి పెద్దగా లేదు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో కనీసం ఆరు ఆప్షనల్ పేపర్లు తీసుకోవాలని ఉంది. ఆ జాబితాలో హెల్త్ లా ఉంది గానీ, చెప్పే మేడమో సారో లేకపోతే కాలేజీ ఆ పేపర్ పెట్టదు, ముందే ఆఫీసులో అడగండి. మిగతాది మనమే కూర్చుకోవాలి. ఐదేళ్ల కోర్సులో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఎలాగూ చేయాలి. అందులో కొంత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసులు వాదించే లాయర్ దగ్గర, కొంత లీగల్ సర్వీసెస్ అథారిటీలో చేద్దామనుకుంటున్నాను. ప్రాజెక్టు రాయమంటే అదే టాపిక్. డిగ్రీ అయ్యాక బెంగళూరు నేషనల్ లా స్కూల్ దూరవిద్యలో మెడికల్ లా, ఎథిక్స్ మీద పీజీ డిప్లొమా ఉంది. ఫీజు సంగతి అప్పుడు చూస్తాను.

నిన్న నాయనకు మళ్లీ ఫోన్ చేశాను. భూమి చట్టాలు అందరికీ తప్పనిసరి పేపరే, అది వదలట్లేదని చెప్పాను. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. పక్కనుంచి అమ్మ ఏదో అంటోంది. ఏమంటోందని అడిగితే, మా పిన్నికి కూడా అదే ఆసుపత్రిలో ఆపరేషన్ అయి ఏడాదిన్నర అయిందట, ఆమె కాగితాలు ఉన్నాయట.

ఏడాదిన్నర అంటే ఇంకా గడువు ఉంది. పిన్ని రమ్మంటే ఈ ఆదివారం వెళ్తాను. మీ ఇళ్లలో కూడా అలాంటి ఇంగ్లీషు కాగితాలు ఉంటే పారేయకండి. చదవడం రాకపోతే ఫొటో నాకు విడిగా పంపండి, గ్రూపులో పెట్టొద్దు. క్లాసులో మేం ముగ్గురం ఉన్నాం, కూర్చుని చదివి చెప్తాం. పంపే ముందు ఆ కాగితం ఎవరిదో వాళ్లను ఒకసారి అడగండి.