ఇంటికావలి

కుక్క విశ్వాసమునకు పెట్టినది పేరు. ఆ విశ్వాసమును పొగడనివారు లేరు. దానికి బదులుగా మనుష్యుడు చేయవలసినదేమో ఆలోచించువారు మాత్రము అరుదు.

పార్వతీపురం మన్యం జిల్లాలో, సాలూరునకు చేరువను, తూర్పుకనుమల యొడిలో పాచిపెంట యున్నది. ఆ ప్రాంతమున కొండదొరలు, జాతాపులు, గదబలు మున్నగువారు నివసింతురు. పోడు పనులప్పుడు, చోడి, సామ పంటలు కోయునప్పుడు పెద్దలు ప్రొద్దుననే కొండ కెక్కుదురు. పిల్లలు బడికి పోవుదురు. ఇల్లు కాచుటకు మిగులునది కుక్కయే.

స్వేచ్ఛగా తిరుగు కుక్కను ఒంటరితన మంతగా బాధింపదు. అది వాడయంతయు తిరిగి, గెడ్డలో నీరు త్రాగి, చెట్టునీడను పండుకొనును. కోళ్లను పట్టునను భయముచేతనో, దారిని పోవువారిని కరచునను భయముచేతనో గుంజకు కట్టివేసిన కుక్కదే అసలు కష్టము. ఉదయము దానికి నీడయున్న చోటనే మధ్యాహ్నము ఎండ మండును. నీడ జరిగిపోవును గాని త్రాడు జరుగదు. మనుష్యునివలె కుక్కకు ఒడలెల్ల చెమట పోయదు. నాలుక వ్రేలవైచి రొప్పుటచేతనే ముఖ్యముగా అది వేడిమిని తగ్గించుకొనును. అట్టిదానికి నీరులేని పగలు ప్రాణాంతకము.

కుక్క పూర్వులు తోడేళ్లు. అవి గుంపులుగా బ్రదుకు జంతువులు. కనీసము 14,000 సంవత్సరములనుండి కుక్కకు మనుష్యుని కుటుంబమే గుంపు. కావుననే ఒంటరిగా విడిచినప్పుడు అది అరచును, తలుపు గీరును, చెప్పులు కొరుకును. అది పొగరు కాదు, దిగులు, విసుగుదల. సాయంకాలము వచ్చి కొట్టినచో, ఉదయము కొరికిన చెప్పునకది శిక్షయని కుక్క గ్రహింపజాలదు. యజమాని రాకకే భయపడుట నేర్చుకొనును.

దీనికి నివారణోపాయములు కష్టమైనవి కావు. ఇల్లు విడుచుటకు ముందు కుక్కను కొంతదూరము త్రిప్పి తేవలెను. అలసిన కుక్క హాయిగా నిద్రించును. దినమెల్ల నీడయుండు తావున గోనెపట్ట పరచి, ఒరిగిపోని బరువైన మట్టిపాత్రలో నీరుంచవలెను. కుక్కకు ముక్కే రెండవ కన్ను. చోడిరొట్టె ముక్కలను ఎండుటాకుల కుప్పలో దాచినచో, వెదకుకొనుచు చాలసేపు కాలము గడుపును. యజమాని వాసనగల పాతగుడ్డ దానికి ఊరట నిచ్చును. కూనను మొదట కొన్ని నిమిషములు మాత్రమే విడిచి, క్రమక్రమముగా ఆ వ్యవధిని పెంచవలెను. మధ్యాహ్నము ఇరుగుపొరుగువా రెవరైన ఒకసారి త్రాడు విప్పి త్రిప్పినచో మరియు మేలు. విడిచి పెంచు కుక్కకు పిచ్చికుక్కవ్యాధి రాకుండ టీకా వేయించుట తప్పనిసరి.

ఇది దయకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. సుప్రసిద్ధ నర్తకి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలసెను. జంతువును మిక్కిలి పొట్టియైన గొలుసుతో అధిక కాలము బంధించుటయు, ఎల్లప్పుడు కట్టియుంచు కుక్కను త్రిప్పకుండుటయు ఆ చట్టముచేత నేరములు.

చట్టము ఢిల్లీలో పుట్టినను త్రాటిముడి ఇంటివారి చేతిలోనే యున్నది. తలుపు మూయుటకు ముందు, మిట్టమధ్యాహ్నము నీడ ఎచటికి చేరునో చూచి ఆ చోట కుక్కను కట్టు బాలుడు, దాని విశ్వాసమునకు తగిన యజమాని.